బావ వాటా

కొలతలు తీసుకోవడానికి వచ్చిన ఇద్దరూ షెడ్డు నేలంతా టేపు పరిచి, సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి, ఇచ్చిన టీ సగం తాగి వెళ్ళిపోయారు. కొత్త మిషన్ కూర్చోవలసిన చోటు అది. మూడు గీతలు ఖాళీ నేలమీద బుద్ధిగా పడ్డాయి. నాలుగోది గోడ దగ్గర బయలుదేరి, దారిలో అడ్డం వచ్చిన బల్లని చూసి కూడా ఆగకుండా, దాని కాళ్ళ మధ్యనుంచి దూరి అవతలికి పోయింది.

ఆ బల్ల బావది.

లేతాయన ఆ గీత దాకా వెళ్ళి, చెప్పుకాలు ఎత్తి, తుడిచేద్దామా అన్నట్టు ఒక క్షణం ఆగి, మళ్ళీ కాలు దించుకున్నాడు. లేత్ పట్టాడు కాబట్టి వీధిలో అందరికీ అతను లేతాయన. జుట్టు నెరిసింది, మోకాళ్ళు ముదిరాయి, పేరు మాత్రం ఇంకా లేతగానే ఉంది.

వీధి వీధంతా పంపుల మీద బతుకుతుంది. చివరి షెడ్డులో పోత పోస్తారు, ఇక్కడ లేత్ మీద తరుగుతారు, ఎదురింట్లో మోటారుకి తీగ చుడతారు, బావ బల్ల మీద అన్నీ కలిసి పంపు అవుతాయి. వీళ్ళలో ఎవరినైనా ఆపి, నువ్వు పంపు చేస్తావా అని అడిగితే, చెయ్యను, చేస్తాం అంటారు.

పనిలో పడితే ఆ గీత కనపడదని లేతాయన పాత లేత్ ఆన్ చేసి, కంచు బుష్షు ఒకటి బిగించాడు. బుష్షంటే పంపులో తిరిగే కడ్డీకి, అంటే షాఫ్టుకి, తొడిగే గాజులాంటి ముక్క. బిగుతైతే షాఫ్టు తిరగదు, వదులైతే ఊగుతుంది. ఉలి లోపలికి నెమ్మదిగా జరుగుతోంది. పచ్చటి రజను పొడిపొడిగా రాలి ముంజేతి మీద వెంట్రుకల్లో ఇరుక్కుంటోంది. అసలు సైజుకి ఒక్క వెంట్రుక ఇవతలే చెయ్యి దానంతటది ఆగింది. ఆ మిగిలింది బావ గీకుతాడు. షాఫ్టుకి నీలం పూసి, బుష్షులో పెట్టి తిప్పి, నీలం అంటుకున్న చోటల్లా మూడు పలకల స్క్రేపర్‌తో పొర తీసి, మళ్ళీ పూసి, మళ్ళీ తిప్పి, ఏ మెడకి ఆ హారం అన్నట్టు ఏ షాఫ్టుకి ఆ బుష్షు కుదురుస్తాడు. లేతాయన వదిలే ఆ వెంట్రుకని వీధంతా బావ వాటా అంటుంది. దాన్ని అతను ఎప్పుడూ కొలిచి వదల్లేదు. చెయ్యి వదుల్తుంది, అంతే.

బావ వచ్చాడు, భుజం మీద పోత షెడ్డు నుంచి తెచ్చిన సంచితో. లేతాయన అక్కకి మొగుడు. సంచి దించబోతూ కాళ్ళ దగ్గర గీత చూశాడు. గీత వెంట నడిచాడు. బల్ల దగ్గర వంగి, కిందనుంచి అవతలికి తొంగి చూశాడు, ఏ పిల్లో దూరిందన్నట్టు.

"ఏంట్రా ఇది?"

"కొలతలు బావా. ఊరికే."

"ఊరికే గీసింది ఇంత తిన్నగా ఉండదురా." బావ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. "తలరాతైతే కంగారు పడాలి గానీ, ఇది నేలరాతేగా. తడిగుడ్డతో పోతుంది."

ఇద్దరూ నవ్వారు. తడిగుడ్డ మాత్రం ఎవరూ తేలేదు. బావ స్టూలు లాక్కుని, గీతకి ఇటో కాలు అటో కాలు వేసి కూర్చుని, నీలం డబ్బా మూత తీశాడు. కిటికీలోంచి పక్కవాటంగా వచ్చే వెలుగు బుష్షు లోపలికి పడేలా తల కాస్త పక్కకి వాల్చాడు. ఆ వెలుగు కోసమే బల్ల అక్కడుంది. ఆ కిటికీ కోసమే కొత్త మిషన్ని కూడా అక్కడే పెట్టమన్నారు. మిషన్‌కి వెలుగు అక్కర్లేదు, గాలి కావాలట.

ఎదురింటి వసారాలోంచి చుట్టాలమ్మ కేకేసింది. మోటార్లకి తీగ చుట్టే మనిషి, పైగా వీధిలో అందరికీ ఏదో వరసలో చుట్టం. "ఏమయ్యా, మిషన్ మిషన్ అంటున్నారు, వచ్చేది ఏ మిషన్? ఇనపదా, గవర్నమెంటుదా?"

"రెండూను," అన్నాడు బావ తలెత్తకుండా. "ఒకటి తిరిగితే పనవుతుంది. రెండోదాని చుట్టూ మనం తిరిగితే పనవుతుంది."

లేతాయన నవ్వలేదు. లేత్ చప్పుడులో వినపడనట్టు ఉండిపోయాడు. లేత్ ఆపి ఉందని తరవాత గుర్తొచ్చింది.

బావ భోజనానికి ఇంటికెళ్ళిన సమయానికి లక్ష్యం మేడం వచ్చింది.

ఆవిడ అసలు హోదా తలుపు మీద రాయాలంటే రెండు తలుపులు కావాలి కాబట్టి వీధి ఆవిడకి ఆ పేరు పెట్టింది. ఎవరైనా అలక్ష్యం అన్నా అందులో ఆవిడకి లక్ష్యమే వినపడుతుందని చుట్టాలమ్మ అంటుంది. మెట్ట ఊళ్ళన్నిటికీ వచ్చే ఎండాకాలంలోపు నీళ్ళెక్కాలి, ఎండతో నడిచే చిన్న పంపుతో ఎక్కాలి, ఇదీ ప్రభుత్వం పెట్టుకున్న మిషన్. ఏ ప్రాంతం ఆ పంపు చేసి చూపిస్తే ఆ ప్రాంతానికి కొత్త మిషన్లు, మెట్టంతటికీ సరిపోయే ఆర్డరు. ఎండతో నడిచే మోటారు వాళ్ళే పంపుతారు, మిగతా పంపు మనం చెయ్యాలి. వీధి చేసింది. అయితే ముందు నిలబడటానికి ఒక్క పేరు కావాలన్నారు. లేతాయన షెడ్డు పెద్దది, కరెంటు సరిపోతుంది, అతని పేరు రాసుకున్నారు. పేరు రాసుకున్నరోజు వీధంతా అతన్ని భుజాలు చరిచింది. అందరికంటే గట్టిగా చరిచింది బావ.

"బల్ల ఇంకా తియ్యలేదే," అంది మేడం గుమ్మంలోంచే.

"మా బావదండి."

"తెలుసు. అందుకేగా చెప్పడం మీకు వదిలేశాను. మా వాళ్ళచేత చెప్పించలేదు."

లేతాయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడిచాడు. "వీధంతా కలిపి ఒకే యూనిట్ అని చూపిస్తే కుదరదా మేడం? మొదట్నుంచీ ఉన్నది అదేగా."

ఆవిడ లోపలికొచ్చి బావ స్టూలు మీదే కూర్చుంది. "నేనూ పైన అదే అడిగాను. చూడ్డానికొచ్చే కమిటీ ఒక్క గుమ్మం దగ్గర కారు దిగుతుందండి. వీధంతా నడవదు. ఆ గుమ్మం లోపల అన్నీ కనపడాలి. పోత అంటే పొగ కాబట్టి దాన్ని బయట ఉండనిచ్చారు. మిగతాదంతా ఒకే కప్పు కింద."

"మా బావ ఈ కప్పు కిందే ఉన్నాడుగా."

"వేరే యూనిట్‌గా ఉన్నారు. మీరు ఆయన్ని పనికి పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏ పనికి? మిషన్ సైజు తేడా రాకుండా ఇస్తుంది. ఇంక గీకడానికేం ఉంటుంది?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగింది, జవాబుంటే రాసుకుందామన్నట్టు.

"మా అమ్మ ఇవాళ్టికీ గుట్ట కిందనుంచి డబ్బాలతో నీళ్ళు మోస్తుందండి," అంది ఆవిడ గొంతు తగ్గించి. "మా ఊరూ మెట్టే. మీ బావగారి బల్లా, మా అమ్మ నడుమూ రెండూ తెచ్చి నా ముందే పెడితే నన్నేది చూడమంటారు?"

లేచి వెళ్తూ, చెప్పు కింద గీత కాస్త చెరిగిందని గమనించి, వంగి అక్కడ పడున్న సుద్దముక్కతో దాన్ని మళ్ళీ కలిపింది.

సాయంత్రం ఇంట్లో భార్య కంచం పెడుతూ అడిగింది. "చెప్పారా?"

"రేపు చెప్తా."

"రేపనేది లేకపోతే మీరు ఏమైపోయేవాళ్ళో. వదిన పొద్దున కనపడి, తమ్ముడికి మంచిరోజులొచ్చాయని నన్ను పట్టుకుని ఒకటే మురిసిపోయింది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

"నా మొహం పక్కన పెట్టు," అన్నాడు లేతాయన. అన్నం కలిపాడు గానీ, చాలాసేపు కలుపుతూనే ఉండిపోయాడు.

మర్నాడు చెప్పాల్సిన మాటలు దారంతా కూర్చుకుంటూ వచ్చాడు. ముందు టీ గురించి, తరవాత మిషన్ గురించి, ఆ తరవాత, కొన్నాళ్ళే బావా అని. షెడ్డు తలుపు తీసి చూస్తే కిటికీ కింద నాలుగు గుంటలు మిగిలాయి, బల్ల కాళ్ళు ఇన్నేళ్ళూ నిలబడి చేసిన గుంటలు. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. సుద్దగీత అంగుళం చెరక్కుండా, చీపురు దాని పక్కనుంచి ఒద్దికగా పోయింది.

బల్ల ఎదురింట్లో, చుట్టాలమ్మ వసారాలో ఉంది. బావ దాని ముందు కూర్చుని, వెలుగు ఎటునుంచి వస్తోందో వెతుక్కుంటూ స్టూలు అటూ ఇటూ జరుపుతున్నాడు.

లేతాయన వీధి దాటాడు. "నేను చెప్దామనే వస్తున్నా బావా."

"నువ్వు చెప్పేసరికి మిషన్‌కి తుప్పు పడుతుందని నేనే లేచాను." బావ నవ్వాడు. "ఇన్నాళ్ళూ ఒకే కప్పులో టీ తాగాం. ఒకే కప్పు కింద ఉండటమే కుదర్లేదు. ఏం చేస్తాం!"

"ఈ చూపించడం అయిపోనీ. తరవాత..."

"తరవాతేంట్రా? మిషన్ని వసారాలోకి మారుస్తావా?"

చుట్టాలమ్మ మోటారులోంచి కాలిన తీగ లాగుతూ, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మొదటిసారి ఏ జోకూ వెయ్యలేదు. అది చూసి లేతాయనకి నిజంగా భయమేసింది.

అక్క వచ్చింది. క్యారేజీ మొగుడి పక్కన పెట్టి, సరాసరి తమ్ముడి దగ్గరికి నడిచింది. చెయ్యెత్తుతుందేమో అనుకున్నాడు. ఎత్తితే బాగుండుననుకున్నాడు కూడా.

"పంపు చేస్తానంటే ఊరంతా చెప్పుకుని తిరిగాను," అంది అక్క. "ముందు మీ బావనే పంపావు."

"అక్కా, నేను కాదే..."

"నువ్వు కాదులే. గీత. గీతే లేపి బయట పెట్టింది మీ బావని. నువ్వు పక్కన నిలబడ్డావు." క్యారేజీ మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది. "నిలబడటం నీకు చిన్నప్పట్నుంచీ బాగా వచ్చు."

మధ్యాహ్నం మిషన్ వచ్చింది. లారీ వీధి మలుపులో ఇరుక్కుంటే, వెనక్కి చూసి చెయ్యి ఊపి, రానీ రానీ, ఆపు, కొంచెం ఎడమకి అని లోపలికి తెచ్చింది బావే. దుంగల మీద దొర్లిస్తూ సుద్దగీతల మధ్య కూర్చోబెట్టేటప్పుడు గడ్డపార పట్టింది కూడా బావే. తెల్లటి డబ్బా, అద్దాల తలుపు, పక్కన వెలుగుతున్న తెర. నేర్పడానికి వచ్చిన ఇంజనీరు ఓపికమంతుడు. ఇక్కడ సైజు కొట్టండి, ఇక్కడ నొక్కండి, చెయ్యి పెట్టకండి అన్నాడు. తలుపు మూసుకుంది. లోపల పాలరంగు నీళ్ళు చిమ్ముతుంటే ఉలి వెళ్ళి వచ్చింది. అంతా కంటికి కనపడుతోంది, చేతికి మాత్రం ఏం తెలియడం లేదు. కంచు ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ మొండిగా ఉందో ఇదివరకు హ్యాండిల్లోంచి మణికట్టుకి వచ్చేది. ఇప్పుడు లేతాయన అద్దానికి అరచెయ్యి ఆన్చి నిలబడ్డాడు, వార్డు బయట నిలబడ్డ బంధువులాగా.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే మేడం వచ్చింది. షెడ్డుకి సున్నం వేయించారు. పాత లేత్ మీద గుడ్డ కప్పారు. లేతాయన కొత్త బూడిదరంగు కోటు వేసుకున్నాడు, జేబు మీద యూనిట్ పేరు కుట్టి ఉంది. చూపించబోయే పంపుకి బుష్షు తనే చెయ్యాలని ఇంజనీరుని పక్కన కూర్చోమన్నాడు. తెర ముందు నిలబడి, సైజు కొట్టి, నొక్కాడు. తలుపు మూసుకుంది, తెరుచుకుంది. బుష్షు తళతళలాడింది. తీసి షాఫ్టు పెట్టాడు.

దూరలేదు.

తుడిచి మళ్ళీ పెట్టాడు. సగం దాకా వెళ్ళి, పట్టేసుకుని, అటూ ఇటూ కదలనంది. మేడం మొహం తెల్లబోయింది. ఇంజనీరు ముందు షాఫ్టు కొలిచాడు, తరవాత బుష్షు కొలిచాడు, తరవాత తెర వైపు చూశాడు. లేతాయనా తెర వైపు చూశాడు. అక్కడ అంకె ప్రశాంతంగా వెలుగుతోంది. ఎవరికైనా అది మామూలు అంకెలాగే కనపడుతుంది. అది అసలు సైజుకి ఒక్క వెంట్రుక తక్కువని లేతాయనకి తెలిసింది. హ్యాండిల్ తిప్పేటప్పుడు ఆగే చెయ్యి మీటల మీద కూడా ఆగింది.

"అంకె తప్పు కొట్టారు సార్," అన్నాడు ఇంజనీరు మెల్లగా. "ఇంకోటి చేద్దాం, ఎంతసేపు."

చేసేవాళ్ళే. కారు హారన్ వీధి చివర వినపడింది. కమిటీ అనుకున్న వేళకంటే ముందే వచ్చింది. మిషన్ చరిత్రలో అదొక్కటే ముందుగా జరిగిన పని అని చుట్టాలమ్మ తరవాత చెప్పుకుంది గానీ, ఆ నిమిషంలో నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

మేడం కిటికీలోంచి ఎదురు వసారా చూసింది. "ఆయన్ని పిలవండి. షాఫ్టు తిరుగుతూ కనపడాలి, వాళ్ళు గుమ్మంలోకొచ్చేసరికి." మేకుకి తగిలించి ఉన్న ఇంకో కోటు తీసింది. "ఇది వేసుకోమనండి. లోపల పనిచేస్తే లోపలివాళ్ళే అయ్యుండాలి."

లేతాయన వీధి దాటి వెళ్ళి, కోటూ బుష్షూ రెండూ చాచాడు. బావ ముందు బుష్షే తీసుకున్నాడు. వెలుగుకి ఎత్తి చూసి, చిటికెన వేలు లోపల తిప్పాడు. వేలు అక్కడే ఆగిపోయింది. తలెత్తి బామ్మర్ది మొహం చూశాడు.

"నా వాటా ఉంచావే," అన్నాడు.

లేతాయన తల దించుకున్నాడు. బావ లేచాడు. కోటు వేసుకున్నాడు. చేతులు పొట్టి. "కోటు దొరికింది, చోటే..." అంటూ మొదలుపెట్టి, మాట మింగేసి, స్క్రేపర్ తీసుకుని వీధి దాటాడు.

కమిటీ గుమ్మంలో అడుగు పెట్టేసరికి బావ మిషన్ పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని గీకుతున్నాడు. వచ్చినవాళ్ళలో పెద్దాయన తెల్లజుట్టు మనిషి, చేతికర్ర. అందరూ మిషన్ చూస్తుంటే ఆయన బావ దగ్గర ఆగాడు. నీలం పూయడం, తిప్పడం, మచ్చ చూడడం, పొర తియ్యడం. స్క్రేపర్ కంచు మీద సన్నగా ఊపిరి తీసినట్టు చప్పుడు చేస్తోంది. ఆఖరికి షాఫ్టు, చొక్కాలో చెయ్యి దూరినట్టు, బుష్షులో దూరింది. బిగించి, మోటారు తగిలించి, బయట ఎండలో సోలార్ పలక తెరిచారు. పంపు గుక్క తిప్పుకుని, తొట్టిలోంచి నీళ్ళు లాగి, పైన గోడ మీద డ్రమ్ములోకి ధారగా పోసింది. చప్పట్లు కొట్టారు. మేడం కొట్టలేదు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అద్భుతం," అన్నాడు పెద్దాయన. తరవాత కర్ర బావ వైపు చూపించాడు. "కానీ ఇదేంటి? మిషన్ చేశాక కూడా చేత్తో గీకాలా?"

ఇంజనీరు నోరు తెరవబోయాడు. అంతకంటే ముందు లేతాయన గొంతు వినపడింది. అది తన గొంతేనని అతనికి కాసేపు నమ్మకం కుదర్లేదు.

"గీకాలండి. మిషన్ ఎంత చేసినా ఆఖరి వెంట్రుక చేతికే తెలుస్తుంది. ఈయన లేకపోతే ఈ పంపు లేదండి."

బావ స్క్రేపర్ తుడుస్తున్నవాడు ఆగాడు.

పెద్దాయన తల ఊపాడు. పక్కవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడుకున్నాడు. "సరే. అయితే ఈయన్ని ఇక్కడే ఉంచండి, యూనిట్ మనిషిగానే ఉంచండి. మరో నలుగురికి నేర్పాలి. పెద్ద ఆర్డరు మాత్రం ఈ ఏడాది కుదరదు. ఒక్క చేతి మీద మెట్టంతటికీ పంపులు తెమలవు. నేర్చుకోనివ్వండి, వచ్చే ఏడాది చూద్దాం."

లేతాయన గుండె తేలికైంది. కిటికీ కింద ఆ పక్కన కాస్త జరిపితే బల్ల పడుతుంది, కొలతలు కూడా అప్పుడే మనసులో వేసుకున్నాడు. మేడం గోడ మీద డ్రమ్ము వైపు చూస్తూ నిలబడింది. డ్రమ్ము నిండి నీళ్ళు కారిపోతున్నాయి, ఎవరూ పలక ముయ్యడం లేదు.

బావ లేచి వెళ్ళి పలక మూశాడు. మోటారు ఆగింది. తిరిగొచ్చి, చేతులు కోటుకి తుడవబోయి, కొత్తదని గుర్తొచ్చి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"మిషన్‌ది తప్పు కాదండి," అన్నాడు.

"బావా," అన్నాడు లేతాయన.

"ఉండరా." పెద్దాయన వైపు తిరిగాడు. "వీడు మా బామ్మర్ది. వీడు ఏది చేసినా నాకోసం ఒక వెంట్రుక వదుల్తాడు, నేను గీకుతాను. మా పద్ధతి అది. ఇవాళ మిషన్ ముందు నిలబడి కూడా వదిలాడు. అది చెప్పిన సైజు చేసింది. చెప్పినవాడు అలవాటులో చెప్పాడు. పూర్తి సైజు కొట్టమనండి, వస్తుంది. నేనక్కర్లేదు."

పెద్దాయన ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు తల దించుకుని, అవునన్నట్టు ఊపాడు. ఇంకో బుష్షు బిగించారు. లేతాయన తెర ముందుకొచ్చాడు గానీ వేలు లేవలేదు. బావ వెనక నిలబడి, చిన్నప్పుడు పలక మీద దిద్దించినంత మెల్లగా అంకె ఒక్కొక్కటీ చెప్పాడు. లేతాయన కొట్టాడు. తలుపు మూసుకుంది, తెరుచుకుంది. షాఫ్టు లోపలికి జారింది, తిరిగింది.

ఆర్డరు అక్కడికక్కడే ఇచ్చారు. పెద్దాయన బావ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు. కార్లు వెళ్ళాక మేడం కూడా బావ దగ్గరికొచ్చింది, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

బావ కోటు విప్పి మడత పెట్టాడు.

"ఎందుకు బావా?" అన్నాడు లేతాయన. "చోటొచ్చింది కదా. నోరు మూసుకుని కూర్చుంటే ఏం పోయింది?"

"నాకు చోటివ్వాలంటే నువ్వు రోజూ మిషన్ చేత తప్పు చేయించాలిరా. ఎన్నాళ్ళు చేయిస్తావు?" కోటు మిషన్ మీద పెట్టబోయి, అది తడిగా ఉందని చూసి, బామ్మర్ది చేతికే ఇచ్చాడు. "ఆవిడ మొహం చూశావా? నేను చూశాను. ఆ నీళ్ళకి అడ్డం కూర్చుని నీలం పూసుకోమంటావా?"

"మరి నువ్వు?"

"నేనేంటి? ఏదో ఒకటి." నవ్వాడు. అందులో ఈసారి మాటల ఆట ఏదీ లేదు.

వారం తిరిగేసరికి మిషన్ గాడిన పడింది. బుష్షులు వరసగా వస్తున్నాయి, ఒకే పోలిక, కవలపిల్లల్లాగా. పోత షెడ్డువాళ్ళు సంచి తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండానే వెళ్ళిపోతున్నారు. ఇదివరకు పెట్టినవాళ్ళు కూర్చునేవాళ్ళు, ఏదో ఒకటి తిట్టుకునేవాళ్ళు. చుట్టాలమ్మ వసారాలో బల్ల ఉంది, దాని మీద ఆవిడ తీగ చుట్టలు పెట్టుకుంది.

ఆ రోజు అక్క వచ్చింది. నీలం డబ్బా ఇక్కడే ఉండిపోయిందని, తీసుకెళ్తానని. లేతాయన వెతికి, అరలో వెనక్కి పడిపోయిన డబ్బా తీసి, దుమ్ము తుడిచి ఇచ్చాడు.

"బావ ఏడీ అక్కా? రెండు రోజులైంది కనపడి."

"పనికెళ్తున్నారు." అక్క డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూసింది. "మెట్టకి పైపులు వేస్తున్నారుగా, కాలవ తవ్వేచోట. నీ పంపుకేనట ఆ పైపులు. పొద్దున్నే లారీ వచ్చి ఎక్కించుకుపోతుంది, చీకటి పడ్డాక దింపుతుంది."

లేతాయన స్టూలు లాగి అక్క ముందు పెట్టాడు. అక్క కూర్చోలేదు.

"ఆ చేతులతో గునపమా?" అన్నాడు లేతాయన.

"బొబ్బలెక్కాయి. నూనె రాస్తున్నా. రాత్రి అడిగారు, మీ వాడికి సైజు సరిగ్గా వస్తోందా కనుక్కో అని."

వెనకాల మిషన్ తలుపు తెరుచుకుంది. లేతాయన వెళ్ళి, అప్పుడే అయిన బుష్షు తీసి, గుడ్డతో తుడిచి, ఇంకా వెచ్చగా ఉన్నదాన్ని అక్క చేతిలో పెట్టాడు. బావతో పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎన్ని బుష్షులు చూసుంటుందో, అక్క కిటికీ వెలుగు వైపు తిరిగి, చిటికెన వేలు లోపల పెట్టి, చుట్టూ ఒకసారి తిప్పింది.

"నున్నగా ఉంది," అంది. "ఏం మిగల్చలేదు."

బుష్షు తమ్ముడి చేతికి తిరిగిచ్చి, డబ్బా పట్టుకుని గుమ్మం దిగింది.